భిన్న ఘాతాంకాలున్న ప్రమేయాలకు ప్రొడక్ట్ రూల్: లెక్క ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచూసుకోవాలి

x^(2/3)·(x² − 4) ని అవకలనం చేయమంటే మొదటి లైను దాదాపు అందరూ సరిగ్గానే రాస్తారు. ప్రొడక్ట్ రూల్, అంటే యూవీ సూత్రం, నోటికి వచ్చినదే కదా. చిక్కు రెండో లైనులో మొదలవుతుంది. 2/3 లోంచి 1 తీసేయాలి, రుణ ఘాతాంకం ఉన్న పదాన్ని ధన ఘాతాంకం ఉన్న పదంతో కలపాలి, ఉమ్మడి కారణాంకం బయటికి తేవాలి. మార్కులు పోయేది ఇక్కడే. అందుకే ఇక్కడ అవకలన సూత్రాల కంటే ఆ తర్వాత చేసే బీజగణితానికే ఎక్కువ చోటు ఇచ్చాం.

రాసే పద్ధతి గురించి ఒక మాట. x^(2/3) అంటే x కి ఘాతాంకం 2/3 అని అర్థం. ఘాతాంకం చుట్టూ బ్రాకెట్ తప్పనిసరి. కాలిక్యులేటర్‌లో 8^2/3 అని కొడితే అది ముందు 8 ని వర్గం చేసి, వచ్చిన 64 ని 3 తో భాగిస్తుంది, జవాబు 21.33 వస్తుంది. 8^(2/3) అని కొడితేనే 4 వస్తుంది. నోటుబుక్కులో రాసేటప్పుడు కూడా భిన్నం మొత్తాన్ని x కి పైన, చిన్న అక్షరాల్లో, స్పష్టంగా పెట్టండి. 2 పైకీ 3 కిందికీ జారిపోతే రెండు లైన్ల తర్వాత మీ రాత మీకే అర్థం కాదు.

ముందు మూలాలన్నిటినీ ఘాతాంకాలుగా మార్చండి

ప్రశ్నలో √ గుర్తు ఉంటే దాన్ని అలాగే ఉంచి అవకలనం చేయకండి. మొదటి పనిగా మార్చేయండి:

√x = x^(1/2)
∛(x²) = x^(2/3)
x√x = x^(3/2)
1/∛x = x^(−1/3)
x/√x = x^(1/2)

మూలం ఎన్నోదో అది హారంలోకి, లోపలి ఘాతాంకం లవంలోకి వెళ్తుంది. x√x ని చూడగానే రెండు కారణాంకాలు ఉన్నాయని ప్రొడక్ట్ రూల్ మొదలుపెట్టేవాళ్లున్నారు. తప్పేమీ లేదు, కానీ ఒక్క లైనులో అయ్యేది నాలుగు లైన్లవుతుంది. ఒకే భూమి ఉన్న ఘాతాల లబ్ధంలో ఘాతాంకాలు కూడితే చాలు.

వర్గమూలం లోపల కూడిక ఉంటే దాన్ని విడదీయకూడదు. √(x² + 4) అంటే x + 2 కాదు. x = 1 పెట్టి చూడండి: ఒకటి 2.236, రెండోది 3. x = 0 పెడితే మాత్రం రెండూ 2 అవుతాయి. సరిచూడటానికి సున్నాను ఎందుకు వాడకూడదో ఇది చెబుతుంది.

ఘాతాంకంలోంచి 1 తీసేయడం

x^n కి అవకలజం n·x^(n−1). n భిన్నమైనా ఇదే సూత్రం. నమ్మకం కుదరకపోతే y = x^(p/q) ని y^q = x^p అని రాసి రెండు వైపులా అవకలనం చేయండి; q·y^(q−1)·y′ = p·x^(p−1) వస్తుంది. y విలువ పెట్టి సర్దితే అదే సూత్రం తేలుతుంది.

భిన్నంలోంచి 1 తీసేటప్పుడు మనసులో ఈ ఒక్కటి పెట్టుకోండి: హారం మారదు, లవంలోంచి హారం తీసేయాలి. 2/3 అయితే 2 − 3 = −1 కనుక −1/3. 5/4 అయితే 1/4. 1/2 అయితే −1/2. రుణ భిన్నాల దగ్గర జాగ్రత్త: −3/5 నుంచి 1 తీస్తే −8/5, −2/5 కాదు. రుణ ఘాతాంకం అవకలనంతో ఇంకా కిందికే వెళ్తుంది, సున్నా వైపు రాదు. −1/2 అవకలనం తర్వాత −3/2 అవుతుందన్న సంగతి చివర్లో మళ్లీ పనికొస్తుంది.

అసలు ప్రొడక్ట్ రూల్ కావాలా?

సూత్రం ఇది:

(u·v)′ = u′·v + u·v′

దీన్ని u′·v′ అనుకునే పొరపాటు చాలా పాతది. 1675 నవంబరులో, కలనగణితాన్ని కనిపెట్టినవారిలో ఒకడైన లైబ్నిజ్ కూడా లబ్ధానికి అవకలజం అంటే అవకలజాల లబ్ధమేనా అని తన రాతప్రతుల్లో ప్రశ్న వేసుకుని, కాదని తేల్చుకున్నాడు. మీరు తేల్చుకోవడానికి భిన్న ఘాతాంకాలే చాలు. x^(1/2)·x^(1/2) అంటే x. దాని అవకలజం 1. విడివిడిగా అవకలనం చేసి గుణిస్తే 1/(4x) వస్తుంది. రెండూ ఒకటి కావు. సూత్రం ప్రకారం చేస్తే 1/2 + 1/2 = 1.

ఇప్పుడు మొదటి ఉదాహరణ: y = x^(2/3)·(x² − 4). దీనికి రెండు దారులున్నాయి. గుణించేస్తే

y = x^(8/3) − 4x^(2/3)
y′ = (8/3)x^(5/3) − (8/3)x^(−1/3)

ప్రొడక్ట్ రూల్‌తో చేస్తే

y′ = (2/3)x^(−1/3)·(x² − 4) + x^(2/3)·2x

రెండూ ఒకటే, చూడటానికి వేరు. ఒక కారణాంకం కేవలం x ఘాతం, రెండోది చిన్న బహుపది అయితే గుణించేయడమే మంచిది. అందులో తప్పుకి చోటు తక్కువ. కానీ బ్రాకెట్‌కే భిన్న ఘాతాంకం ఉంటే, (2x + 3)^(1/2) లాగా, దాన్ని విప్పడం కుదరదు. అప్పుడు ప్రొడక్ట్ రూల్ తప్ప మార్గం లేదు. (x − 2)^5 లాంటిది ఉన్నా విప్పకండి. ఆరు పదాలు రాసి, మళ్లీ వాటిని కారణాంకాలుగా విడదీయలేక ఇబ్బంది పడతారు.

చిన్న ఘాతాంకాన్ని బయటికి తీయాలి

పై జవాబును ముగిద్దాం.

y′ = (2/3)x^(−1/3)·(x² − 4) + 2x^(5/3)

రెండు పదాల్లోనూ x ఉంది: ఒకదానిలో ఘాతాంకం −1/3, మరోదానిలో 5/3. ఉమ్మడిగా తీయాల్సింది వీటిలో చిన్నది. చిన్నది అంటే సంఖ్యారేఖ మీద ఎడమవైపు ఉన్నది: −1/3. అంకెను చూసి "1/3 చిన్నది కదా, రుణమైతే ఏముంది" అనుకోవడం ఒక తప్పు. ధన ఘాతాంకాన్ని బయటికి లాగాలని చూడటం ఇంకో తప్పు.

బయటికి తీశాక మిగిలేది ఎంతో తెలియాలంటే తీసివేయాలి:

5/3 − (−1/3) = 6/3 = 2

రెండు రుణాలు కలిసి కూడిక అవుతాయి. 5/3 − 1/3 = 4/3 అని రాసి బ్రాకెట్ లోపల x^(4/3) మిగల్చడం ఈ లెక్కల్లో అన్నిటికంటే తరచుగా కనిపించే పొరపాటు. సరైన రూపం:

y′ = x^(−1/3)·[(2/3)(x² − 4) + 2x²]
 = x^(−1/3)·[(8/3)x² − 8/3]
 = (8/3)·x^(−1/3)·(x² − 1)

x = 8 పెట్టి చూడండి. ∛8 = 2 కనుక x^(−1/3) = 1/2. సర్దిన రూపం (8/3)(1/2)(63) = 84. సర్దకముందు రూపం (2/3)(1/2)(60) + 4·16 = 20 + 64 = 84. సరిపోయింది.

ఇక్కడ ఆగి గమనించాల్సిన విషయం ఒకటుంది. ప్రొడక్ట్ రూల్ ఒక్కో పదంలో ఒక్కో కారణాంకాన్నే అవకలనం చేస్తుంది. అంటే ఒక పదంలో ఆ కారణాంకం ఘాతాంకం 1 తగ్గుతుంది, రెండో పదంలో తగ్గదు. రెండింటి మధ్య తేడా కచ్చితంగా 1. కాబట్టి చిన్న ఘాతాంకాన్ని బయటికి తీశాక లోపల మిగిలేది ఆ కారణాంకం మొదటి ఘాతం మాత్రమే. దానితో గుణించే x లు ఉంటే అవి పూర్ణ ఘాతాలుగానే కలుస్తాయి. భూములు రెండూ బహుపదులైతే చతురస్ర బ్రాకెట్ లోపల భిన్న ఘాతాంకం మిగలనే కూడదు. మిగిలిందంటే తీసివేతలో ఎక్కడో తప్పు చేశారు, వెనక్కి వెళ్లండి. జవాబు చూసుకోకుండానే తప్పు పట్టుకునే పద్ధతి ఇది. పరీక్ష హాల్లో ఎంతో సమయం కలిసివస్తుంది.

దీన్నే సూత్రంగా రాస్తే:

(u^m·v^n)′ = u^(m−1)·v^(n−1)·[m·u′·v + n·u·v′]

m, n లు భిన్నాలైనా, రుణాలైనా చెల్లుతుంది. ఘాతాంకాలు రెండూ ఒక్కొక్కటి తగ్గించి బయట పెట్టడం, లోపల మామూలు బహుపదుల గుణకారం చేయడం, అంతే పని. ఇది బట్టీ పట్టమని కాదు. రెండు మూడు లెక్కలు పూర్తిగా చేశాక దానంతట అదే కనబడుతుంది. బోర్డు పరీక్షలో మాత్రం (uv)′ సూత్రం రాసి, మొదటి లైను విడమర్చి చూపి, ఆ తర్వాతే సర్దండి. సర్దడంలో చెయ్యి జారినా పద్ధతి కాగితం మీద ఉంటుంది.

బ్రాకెట్ లోపల x మాత్రమే కాకపోతే

y = x·√(2x + 3) తీసుకుందాం. ముందు రూపం మార్చండి: y = x·(2x + 3)^(1/2). మొదటి కారణాంకం అవకలజం 1. రెండోదానికి చైన్ రూల్ కావాలి: ఘాతాంకం ముందుకు, ఒకటి తగ్గించు, లోపలిదాని అవకలజంతో గుణించు. లోపలిదాని అవకలజం 2.

y′ = 1·(2x + 3)^(1/2) + x·(1/2)·(2x + 3)^(−1/2)·2
 = (2x + 3)^(1/2) + x·(2x + 3)^(−1/2)

చిన్న ఘాతాంకం −1/2. తేడా 1/2 − (−1/2) = 1.

y′ = (2x + 3)^(−1/2)·[(2x + 3) + x] = 3(x + 1)/√(2x + 3)

ఆ 2 ని మరిచిపోవడం మామూలే. మరిచిపోతే బ్రాకెట్ లోపల 2x + 3 + x/2 వస్తుంది. చూడటానికి ఏ తేడా కనబడదు, అదీ ప్రమాదం. కాబట్టి సంఖ్యతో పట్టుకోండి. x = 3 దగ్గర మన జవాబు 12/3 = 4. అసలు ప్రమేయం విలువ అక్కడ 3·3 = 9. x = 3.01 దగ్గర 3.01·√9.02 ≈ 9.0400. పెరుగుదల 0.0400, దాన్ని 0.01 తో భాగిస్తే సుమారు 4. సరే. 2 మరిచిన జవాబు 3.5 ఇస్తుంది, వెంటనే దొరికిపోతుంది.

రెండు కారణాంకాలకూ భిన్నాలుంటే

ఇప్పుడు అసలు పని. y = (2x + 1)^(3/2)·(x − 4)^(2/3).

u′ = (3/2)(2x + 1)^(1/2)·2 = 3(2x + 1)^(1/2). ఇక్కడ 3/2, 2 ఒకదాన్నొకటి కొట్టేశాయి. ఈ సర్దుబాటు వెంటనే చేసేయండి, తర్వాతికి వదలకండి. v′ = (2/3)(x − 4)^(−1/3).

y′ = 3(2x + 1)^(1/2)·(x − 4)^(2/3) + (2/3)(2x + 1)^(3/2)·(x − 4)^(−1/3)

ఉమ్మడి కారణాంకాన్ని మూడు ముక్కలుగా తీయాలి. మొదటి భూమికి చిన్న ఘాతాంకం 1/2, రెండో భూమికి −1/3, ముందున్న గుణకాలకు 1/3. గుణకాల దగ్గర పద్ధతి ఏమిటంటే హారాల క.సా.గు. కనుక్కుని, దాని వ్యుత్క్రమాన్ని బయటికి తేవాలి. 3 అంటే 9/3 కదా, కనుక లోపల 9, 2 మిగులుతాయి.

y′ = (1/3)(2x + 1)^(1/2)·(x − 4)^(−1/3)·[9(x − 4) + 2(2x + 1)]
 = (1/3)(2x + 1)^(1/2)·(x − 4)^(−1/3)·(13x − 34)

ఏ భూమి ఏ పదంలో మిగులుతుందో తారుమారు కావడం ఇక్కడ సహజం. మొదటి పదంలో (2x + 1) ఘాతాంకం అప్పటికే తగ్గి ఉంది, కాబట్టి అక్కడ మిగిలేది (x − 4). అంటే అవకలనం చేయనిదే లోపల మిగులుతుంది.

సరిచూడటానికి మంచి సంఖ్య ఎంచుకోవాలి. వర్గమూలం, ఘనమూలం రెండూ తేలిగ్గా తేలాలి. x = 12 పెడితే 2x + 1 = 25, x − 4 = 8. వర్గమూలం 5, ఘనమూలం 2. సర్దకముందు: 3·5·4 + (2/3)·125·(1/2) = 60 + 125/3 = 305/3. సర్దాక: (1/3)·5·(1/2)·122 = 305/3. సరిపోయింది. ఇలాంటి x కోసం ఒక్క నిమిషం వెతకడం వృథా కాదు. ఘనమూలం ఉంటే లోపలిది 8 లేదా 27 అయ్యేలా, వర్గమూలం ఉంటే 4, 9, 25 అయ్యేలా చూడండి. లోపలిది 1 అయితే ఏ ఘాతాంకం ఉన్నా 1 వస్తుంది కనుక ఘాతాంకంలో తప్పు దాక్కుంటుంది. తప్పనిసరై 1 వాడితే ఇంకో సంఖ్యతో కూడా చూడండి.

ఆ అవసరం ఈ ప్రమేయంలో వస్తుంది: y = x^(1/3)·(9 − x)^(2/3). లోపలి అవకలజం −1, దీన్ని వదిలేస్తే రెండో పదం గుర్తే మారిపోతుంది.

y′ = (1/3)x^(−2/3)·(9 − x)^(2/3) − (2/3)x^(1/3)·(9 − x)^(−1/3)
 = (1/3)x^(−2/3)·(9 − x)^(−1/3)·[(9 − x) − 2x]
 = (3 − x) / [x^(2/3)·(9 − x)^(1/3)]

x = 1 దగ్గర 2/2 = 1. x = 8 దగ్గర −5/4. నేరుగా కడితే x = 8 దగ్గర 1/12 − 16/12 = −15/12, అదే. రెండింట్లోనూ ఒక్కో కారణాంకం 1 అయింది, కానీ వేర్వేరు కారణాంకాలు కనుక పరీక్ష పూర్తయినట్టే.

ఈ రూపం ఎందుకు కావాలంటే, గరిష్ఠ కనిష్ఠాల కోసం y′ = 0 అయ్యే చోటూ, y′ లేని చోటూ రెండూ చూడాలి. లవం సున్నా అయ్యేది x = 3. హారం సున్నా అయ్యేవి x = 0, x = 9. సర్దని రూపంలో ఈ మూడూ కంటికి ఆనవు. గుర్తులు చూస్తే 0 కి రెండు వైపులా y′ ధనమే, కాబట్టి అక్కడ గరిష్ఠమూ కాదు, కనిష్ఠమూ కాదు. స్పర్శరేఖ నిలువుగా ఉంటుందంతే. 3 దగ్గర ధనం నుంచి రుణానికి మారుతుంది, స్థానిక గరిష్ఠం: విలువ ∛108, సుమారు 4.76. 9 దగ్గర రుణం నుంచి ధనానికి మారుతుంది, స్థానిక కనిష్ఠం 0. అవకలజం సున్నా అయ్యే చోటే చూసి ఊరుకుంటే ఈ చివరిది జారిపోతుంది.

ఈ రకం లెక్కలకు ఒక అడ్డదారి కూడా ఉంది. m, n ధన సంఖ్యలైతే x^m·(c − x)^n కి 0, c ల మధ్య గరిష్ఠం x = c·m/(m + n) దగ్గర వస్తుంది. పైదానిలో 9·(1/3)/1 = 3. x^(5/2)·(1 − x)^(3/2) కి (5/2)/4 = 5/8. విడమర్చి చేస్తే y′ = (1/2)x^(3/2)(1 − x)^(1/2)(5 − 8x), అక్కడా 5/8 వస్తుంది. జేఈఈ లాంటి ఆప్షన్ల పరీక్షలో దీనితో పది సెకన్లలో జవాబు తేల్చవచ్చు.

హారంలో మూలం ఉంటే

y = x/√(x² + 4) ని భాగహార సూత్రంతో చేయవచ్చు, కానీ హారంలో మూలం, దాని వర్గం, లవంలో మళ్లీ ఒక భిన్నం, ఇలా అంతస్తులు పేరుకుంటాయి. లబ్ధంగా మార్చుకోవడం మేలు: y = x·(x² + 4)^(−1/2).

y′ = (x² + 4)^(−1/2) + x·(−1/2)(x² + 4)^(−3/2)·2x
 = (x² + 4)^(−1/2) − x²·(x² + 4)^(−3/2)

ఏది చిన్నది? −3/2. అలవాటుగా −1/2 ని బయటికి తీసేవాళ్లు ఎక్కువ, అప్పుడు లోపల (x² + 4)^(−1) మిగిలి లెక్క ఇంకా ముడిపడుతుంది. −3/2 తీస్తే తేడా −1/2 − (−3/2) = 1.

y′ = (x² + 4)^(−3/2)·[(x² + 4) − x²] = 4·(x² + 4)^(−3/2)

x² లు కొట్టుకుపోయాయి. జవాబు ఎప్పుడూ ధనమే, అంటే ఈ ప్రమేయం అన్ని చోట్లా పెరుగుతూనే ఉంటుంది. భాగహార సూత్రంతో చేసిన వాళ్లు ఈ చివరి మెట్టు దాకా రాకుండా మధ్యలోనే ఆగిపోవడం మామూలు.

సున్నా దగ్గర సూత్రం పనిచేయనప్పుడు

ప్రొడక్ట్ రూల్‌కు ఒక షరతు ఉంది: ఆ బిందువు దగ్గర u, v రెండింటికీ అవకలజాలు ఉండాలి. x^(1/3), x^(2/3) లకు x = 0 దగ్గర అవకలజం లేదు. అలాంటప్పుడు సూత్రం మౌనంగా ఉంటుంది. లబ్ధానికి అవకలజం లేదని అది చెప్పినట్టు కాదు. ఈ తేడా ఆప్షన్ల పరీక్షల్లో బాగా అడుగుతారు.

y = x^(1/3)·(x² + x) చూడండి. u′ లో x^(−2/3) ఉంది కనుక x = 0 పెట్టలేం. కానీ నిర్వచనం నుంచి కడితే [y(x) − y(0)]/x = x^(1/3)·(x + 1), x సున్నాకు చేరుతుంటే ఇదీ 0 కి చేరుతుంది. అవకలజం ఉంది, విలువ 0.

మన మొదటి ప్రమేయం x^(2/3)·(x² − 4) కి అదే పని చేస్తే x^(−1/3)·(x² − 4) వస్తుంది. కుడివైపు నుంచి వస్తే ఇది −∞ కి, ఎడమవైపు నుంచి వస్తే +∞ కి పోతుంది. అవకలజం నిజంగానే లేదు, అక్కడ గ్రాఫు పైకి చూసే మొన. అయినా y(0) = 0 స్థానిక గరిష్ఠమే, ఎందుకంటే 0 కి రెండు పక్కలా y రుణం. x = ±1 దగ్గర స్థానిక కనిష్ఠాలు, విలువ −3.

1684 లో లైబ్నిజ్ అవకలన పద్ధతిని తొలిసారి అచ్చువేయించిన వ్యాసం శీర్షికలోనే, భిన్న రాశులూ కరణీయ రాశులూ ఈ పద్ధతికి అడ్డురావని రాసుకున్నాడు. సూత్రం విషయంలో అది నిజం. ప్రదేశం (ప్రమేయంలో x తీసుకోగల విలువలు) విషయంలో మాత్రం మనమే చూసుకోవాలి.

రుణ x, ప్రదేశం, యంత్రాలు

భిన్నాన్ని కనిష్ఠ రూపంలోకి తెచ్చాక హారం బేసి సంఖ్య అయితే (1/3, 2/3, 4/5) x రుణమైనా వాస్తవ విలువ ఉంటుంది. హారం సరి సంఖ్య అయితే (1/2, 3/4) ఉండదు. కనుక (2x + 1)^(3/2)·(x − 4)^(2/3) కి ప్రదేశం x ≥ −1/2. ఘాతాంకం రుణమైతే సున్నాను కూడా తీసేయాలి: √(2x + 3) ప్రదేశంలో −3/2 ఉంది, దాని అవకలజం ప్రదేశంలో లేదు. y′ = 0 చేసి వచ్చిన x ప్రదేశంలో ఉందో లేదో చూశాకే జవాబుగా రాయండి.

కంప్యూటర్‌ని గుడ్డిగా నమ్మవద్దు. పైథాన్ 3 లో (-8)**(1/3) అని అడిగితే −2 రాదు. సుమారు 1 + 1.732i అనే సంకీర్ణ సంఖ్య వస్తుంది. యంత్రం 1/3 ని భిన్నంగా కాక 0.3333… అనే దశాంశంగా చూసి, సంకీర్ణ సంఖ్యల్లో ప్రధాన మూలాన్ని ఇస్తుంది. గ్రాఫు గీసే కొన్ని సాధనాల్లో x^(1/3) కి ఎడమ సగం కనబడకపోవడానికీ ఇదే కారణం. మీ జవాబును రుణ x తో సరిచూస్తుంటే ఘనమూలాన్ని చేత్తోనే కట్టండి.

మూడు కారణాంకాలుంటే

y = x^(1/2)·(x + 3)^(3/2)·(2x − 1)^(−1/3) లాంటిదానికి ప్రొడక్ట్ రూల్‌ను రెండుసార్లు వాడవచ్చు, కానీ దానికంటే y′/y కనుక్కోవడం సులువు. లాగరిథమ్ తీసి అవకలనం చేస్తే ఒక్కో కారణాంకం ఒక్కో పదమవుతుంది:

y′/y = (1/2)·1/x + (3/2)·1/(x + 3) − (1/3)·2/(2x − 1)

x = 1 దగ్గర y′ కావాలంటే: y = 1·8·1 = 8. కుడివైపు 1/2 + 3/8 − 2/3 = 5/24. కనుక y′ = 8·5/24 = 5/3. ఏ కారణాంకమైనా సున్నా అయ్యే చోట మాత్రం ఈ దారి పనికిరాదు, y తో భాగించలేం కదా.

చేసి చూడండి

1) √x·(x − 3)
2) x^(3/2)·(5 − x)^(1/2)
3) x²·(3x + 1)^(−1/3)
4) x^(4/5)·(x − 2)²

జవాబులు: 1) 3(x − 1)/(2√x). ఇది గుణించి చేయాల్సినది. 2) (1/2)x^(1/2)·(5 − x)^(−1/2)·(15 − 4x). అడ్డదారి చెప్పిన 15/4 తో సరిపోల్చండి. 3) x(5x + 2)·(3x + 1)^(−4/3). చైన్ రూల్‌లో వచ్చే 3, ముందున్న −1/3 కలిసి −1 అవుతాయి. బయటికి రావాల్సింది −4/3, −1/3 కాదు. 4) (2/5)x^(−1/5)·(x − 2)·(7x − 4). y′ = 0 అయ్యేవి 2, 4/7; y′ లేనిది 0. గుర్తులు చూస్తే 0 దగ్గర స్థానిక కనిష్ఠం, 4/7 దగ్గర గరిష్ఠం, 2 దగ్గర మళ్లీ కనిష్ఠం.